నెఫ్రాన్ సూక్ష్మ నిర్మాణం: నీట్ కోసం నేను చదివిన పద్ధతి

నీట్‌కు సిద్ధమవుతున్న మిత్రులు చాలామంది విసర్జన వ్యవస్థలో నెఫ్రాన్ (మూత్రపిండంలో రక్తాన్ని వడపోసి మూత్రాన్ని తయారుచేసే సూక్ష్మ నాళిక) పటం వేసి, భాగాలు గుర్తించగలిగితే సరిపోతుందని భావిస్తారు. నా అనుభవంలో మాత్రం, స్టేట్‌మెంట్ ప్రశ్నలను దాటించింది ఆ భాగాల గోడలలో ఉండే కణాల మీద పెట్టిన శ్రద్ధే.

అందులోనూ ఎక్కువ సమయం గాలన (వడపోత) పొరలకే కేటాయించాను. రక్తకేశనాళికాగుచ్ఛం (గ్లోమరులస్, అంటే సన్నని రక్తనాళాల ముడి)లోని రక్తానికీ, దాన్ని గిన్నెలా చుట్టిన బౌమన్ గుళిక కుహరానికీ మధ్య రక్తకేశనాళికల అంతఃస్తరం, ఆధారత్వచం, పాదకణాలతో (పోడోసైట్లతో) కూడిన గుళిక ఉపకళ ఉంటాయి. వీటిని రక్తం వైపు నుంచి వరుసగా గీసి, ఏ పొర వద్ద ఏది ఆగుతుందో పక్కనే రాసుకున్నాను. అంతఃస్తర రంధ్రాల వ్యాసం సుమారు 70 నుంచి 100 నానోమీటర్లు ఉంటుంది కనుక రక్తకణాలు అక్కడే నిలిచిపోతాయి; ఆల్బుమిన్ వంటి ప్రోటీన్లను ప్రధానంగా అడ్డుకునేవి ఋణావేశం గల ఆధారత్వచం, పాదకణాల నడుమ ఉండే గాలన చీలికలు. మూత్రంలో ఆల్బుమిన్ ఎందుకు కనిపిస్తుందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

గాలన రేటును బట్టీ పట్టనవసరం లేదు: నిమిషానికి 125 మిల్లీలీటర్లను రోజులోని 1,440 నిమిషాలతో గుణిస్తే 180 లీటర్లు వస్తుంది. బయటికి పోయే మూత్రం దాదాపు లీటరున్నర మాత్రమే కాబట్టి, మిగిలినదంతా తిరిగి పీల్చుకునే నాళాల గోడలు ఎలా ఉండాలో ఊహించవచ్చు. గుళికకు దగ్గరగా మెలికలు తిరిగే సమీపస్థ సంవళిత నాళంలో ఘనాకార కణాలకు కుచ్చు అంచులా కనిపించే దట్టమైన సూక్ష్మచూషకాలు, లోపల సమృద్ధిగా మైటోకాండ్రియాలు ఉంటాయి. దూరస్థ సంవళిత నాళంలోనూ ఘనాకార కణాలే ఉన్నా ఆ కుచ్చు అంచు ఉండదు, అందువల్ల స్లైడులో దాని కుహరం స్పష్టంగా, విశాలంగా కనిపిస్తుంది. పరీక్షలో ఈ రెండింటినీ తారుమారు చేసి అడగడం మామూలే. ఈ రెండు నాళాల మధ్య U ఆకారంలో ఉండే హెన్లీ శిక్యపు సన్నని భాగంలో బల్లపరుపు శల్కల ఉపకళ ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు.

సాగదీసి గీసిన పటాలలో దాగిపోయే విషయం ఇంకొకటి ఉంది. హెన్లీ శిక్యపు ఆరోహణ భాగం వల్కలంలోకి (మూత్రపిండపు వెలుపలి పొరలోకి) తిరిగి వచ్చి, తన సొంత గుచ్ఛానికి రక్తం తెచ్చే అభివాహి ధమనికను తాకుతుంది. రక్తపీడన నియంత్రణలో పాల్గొనే రెనిన్‌ను స్రవించే జక్స్‌టా గ్లోమరులార్ పరికరం ఏర్పడేది అక్కడే. అందుకే నాళాన్ని వంచి, మళ్లీ గుచ్ఛం పక్కకు తెచ్చి గీయడం అలవాటు చేసుకోండి.