మండీ లెక్కల పార్సర్: యాంట్లర్ 3 నుంచి 4కి

దామలచెరువు మామిడి మండీలో మా మామకి రాసిపెట్టిన లెక్కల ప్రోగ్రాం ఇన్నాళ్లూ యాంట్లర్ 3 (మనం రాసిచ్చిన నియమాల నుంచి, టెక్స్ట్‌ని విడగొట్టి అర్థం చేసుకునే పార్సర్ కోడ్‌ని తయారుచేసే టూల్) మీదే నడిచింది. బండి నంబరు, కాటా బరువు, తరుగు, కమీషన్, హమాలీ కూలి, ఇవన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్లో తెలుగులో లైనుకొకటి కొడితే రైతువారీగా చీటీలు ఇస్తుంది. యాంట్లర్ 4 2013లోనే వచ్చింది, కానీ నడుస్తున్నదాన్ని సీజన్లో ఎవరు కదుపుతారు? బెంగళూర కాయ అయిపోయాక తిరుపతి రూంలో కూర్చుని మొదలుపెట్టా.

ఎవరైనా ఈ పని పెట్టుకుంటే ఒక మాట: పాత గ్రామర్‌ని (ఆ నియమాల ఫైలుని) లైను లైనుగా మార్చొద్దు, కొత్తగా రాసుకోండి. మూడులో ఎడమ రికర్షన్ (ఒక రూలు మొదట్లోనే తనని తానే పిలుచుకోవడం) కుదరదు కాబట్టి కూడికకో రూలు, గుణకారానికో రూలు అని మెట్లు కట్టాల్సి వచ్చేది. నాలుగులో అన్నీ ఒకే రూల్లో రాసేయొచ్చు, ముందు రాసినదానికి ప్రాధాన్యం ఎక్కువ. రెండు రూల్స్ ఒకదాన్నొకటి ఎడమవైపున పిలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఎర్రరే. ఏ రూలు కుదురుతుందో ముందుగా ప్రయత్నించి చూడటానికి మూడులో పెట్టుకున్న బ్యాక్‌ట్రాక్ ఆప్షన్, సింటాక్టిక్ ప్రెడికేట్లు అన్నీ పీకేశా.

టైం తిన్నది చెట్టు, అంటే చదివిన టెక్స్ట్ నిర్మాణాన్ని కొమ్మలుగా చూపే ట్రీ. మూడులో గ్రామర్లోనే బాణాలు గీసి ఏఎస్‌టీ (అవసరమైనవే ఉంచిన క్లుప్తమైన ట్రీ) కట్టి, దాని మీద ఇంకో ట్రీ గ్రామర్ రాసేవాళ్లం. నాలుగులో ఆ రెండూ లేవు. పార్స్ ట్రీ దానంతటదే వస్తుంది, దాని మీద లిజనర్‌తోనో (నడక దానంతటదే జరుగుతూ మన కోడ్‌ని పిలుస్తుంది) విజిటర్‌తోనో (ఏ కొమ్మకి వెళ్లాలో మనమే చెబుతాం) నడవాలి. ఒక్కో లెక్క నుంచి విలువ తిరిగి రావాలి కాబట్టి విజిటర్ తీసుకున్నా (జావా ప్రోగ్రాంలు బిల్డ్ చేసే మేవెన్‌కి ఉన్న యాంట్లర్ ప్లగిన్‌లో డిఫాల్ట్‌గా లిజనర్ ఒక్కటే వస్తుంది, విజిటర్ ఆప్షన్ మనమే ఆన్ చేయాలి). తరుగు తీసే కోడ్ ఇదివరకు గ్రామర్ మధ్యలో ఇరుక్కుని ఉండేది, ఇప్పుడు మామూలు జావా క్లాసులోకి వచ్చింది, దానికి విడిగా టెస్ట్ రాసుకోవచ్చు. నాకైతే ఈ ఒక్కదానికే మారడం గిట్టుబాటయింది.

ఇక తెలుగు పేర్లు. 4.7 నుంచి లెక్సర్లో (టెక్స్ట్‌ని టోకెన్లనే ముక్కలుగా కోసే భాగం) యూనికోడ్ ప్రాపర్టీలు (ఏ గుర్తు ఏ రకమో చెప్పేవి) వాడొచ్చు, కానీ అక్షరాల కేటగిరీ ఒక్కటే పెడితే గుణింతం దగ్గరే పేరు తెగిపోతుంది, ఎందుకంటే గుణింతాలు, పొల్లు, సున్నా అన్నీ మార్కుల కేటగిరీలో ఉంటాయి, కాబట్టి అదీ కలపాలి. ఇంకోటి, 'లోడ్‌కి' అని కొడితే డకార పొల్లు తర్వాత కీబోర్డు కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడుతుంది. దాని కోడ్ 200సీ, తెలుగు బ్లాకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకే, కాబట్టి దాన్ని విడిగా చేర్చాలి. టోకెన్లో ఉంచి, రైతు పేరును మ్యాప్‌లో (పేరును బట్టి లెక్క వెతికే పట్టికలో) వేసే ముందు మాత్రం తీసేస్తున్నా, లేకపోతే ఒకే మనిషికి రెండు చీటీలు వస్తాయి. ఫైలు చదవడానికి పాత స్ట్రీమ్ క్లాసు వదిలేసి చార్‌స్ట్రీమ్స్ వాడండి, అడక్కపోయినా యూటీఎఫ్-8గానే చదువుతుంది. తెలుగు అంకెల్ని జావాలోని దశాంశ సంఖ్యల క్లాసు బిగ్‌డెసిమల్ నేరుగా తీసుకుంటుంది, కామాలు తీసేస్తే చాలు.

వెర్షన్ల విషయం చిన్నదే: 4.10 నుంచి టూల్‌కి జావా 11 కావాలి, టూలూ రన్‌టైమూ ఒకే వెర్షన్ పెట్టుకుంటే తలనొప్పి ఉండదు.

సరిచూసుకోవడానికి పాత ప్రోగ్రాం జార్ ఫైలు పారేయలేదు. పోయిన సీజన్ ఫైళ్లన్నీ రెండింటికీ ఇచ్చి చీటీలను డిఫ్ కొట్టి చూశా. తేడా వచ్చిన చోటల్లా పైసల రౌండింగే, అది కొత్తదాన్లోనే కరెక్టు.

మిగిలింది ఎర్రర్ మెసేజ్‌లు. డిఫాల్ట్ ఎర్రర్ లిజనర్‌ని తీసేసి సొంతది పెట్టా, లైను నంబరు తెలుగులో చెబుతోంది. మామ చూసి, "లైనూ గీనూ నాకెందుకురా, ఏ బండి లెక్కో చెప్పు" అన్నాడు. సింటాక్స్ తప్పిన చోట బండి నంబరు అసలు పార్సే కాకపోవచ్చు, అందుకే టోకెన్ స్ట్రీమ్‌లో వెనక్కి వెళ్లి ఆఖరి బండి టోకెన్ వెతికే కోడ్ రాస్తున్నా.