మసి వదిలింది, కట్టెలు కావాలి

ఒడిశాలోని మా సెమిలిగూడలో చలి మొదలైపోయింది. మేముంటున్న పాత బంగళా హాల్లో గోడలోనే చలిమంట గూడు, దానికో పొగగొట్టం ఉన్నాయి, ఏళ్ల తరబడి ఎవరూ వెలిగించినట్టు లేదు. ఈసారి వెలిగించాల్సిందేనని మా ఆవిడ పట్టుబడితే మేస్త్రీని పిలిచాం. పైనుంచి పొడుగాటి బ్రష్ దింపగానే పుల్లలు, ఎండుటాకులు, ఎప్పటిదో పిట్టగూడు జలజలా రాలాయి, ఆయన మొహం చూడాలి, కళ్లు తప్ప ఏమీ కనపడలేదు!

పొడి మసితో పెద్ద పేచీ లేదు, బ్రష్‌కి రాలిపోతుంది. లోపలి గోడకి తారులా నల్లగా మెరుస్తూ పట్టేసిన క్రియోసోట్‌తోనే టెన్షన్. పచ్చి కట్టెలు కాలిస్తే పొగలోని ఆవిర్లు గొట్టంలో చల్లబడి అలా పేరుకుంటాయట, దానికి నిప్పంటుకుంటే గొట్టమే భగ్గుమంటుంది. "బాబూ, ఇటుకల సందుల్లో సున్నం కూడా రాలిపోయింది, అది పూడ్చాకే మంట" అన్నాడు మేస్త్రీ. పూడ్చాడు, పైన పిట్టలు దూరకుండా జాలీ బిగించాడు.

మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసనుండదు కాబట్టి దాని అలారం ఒకటి ఆర్డర్ పెట్టాను, అది వచ్చాకే అగ్గిపుల్ల. ఈలోగా బాగా ఎండిన కట్టెలు, తేమ 20 శాతం లోపున్నవి, సునాబెడ వైపు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. వానకి తడిసినవి మాత్రం వద్దు.