నాన్నకి గుండె మారింది

మా అమ్మాయికి 9 ఏళ్ళప్పటి మాట ఇది. ఆ వేసవిలో విమానం టిక్కెట్ల ధరలు చూసి, ఈ ఏడాది తెనాలి ప్రయాణం లేదని మావారు తేల్చేశారు; రెండు వారాలు గడిచాక ఆయనే మనసు మార్చుకున్నారు. న్యూజెర్సీలో ఆదివారం ఉదయం 9.30 అయితే తెనాలిలో రాత్రి 7 గంటలు, మా అమ్మ దీపం పెట్టుకుని ఫోను దగ్గర కూర్చునే వేళ. "అమ్మమ్మా, నాన్నకి గుండె మారింది, అందుకే మేం వస్తున్నాం!" అని మా అమ్మాయి సంబరంగా చెప్పింది. అవతల కాసేపు మాట లేదు. ఆ తరవాత, "ఆపరేషను ఎప్పుడయిందే? నాతో ఒక్క మాటయినా అనలేదేం?" అంటూ అమ్మ గొంతు వణికింది.

'చేంజ్ ఆఫ్ హార్ట్' అన్నదాన్ని పిల్ల మాటకు మాట పెట్టి తెలుగు చేసిందని అమ్మకు నచ్చజెప్పేసరికి పావుగంట పట్టింది. నవ్వులు సద్దుమణిగాక మా అమ్మాయి అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు: "హార్ట్ అంటే గుండే కదా, మరి తప్పేమిటి?"

ఇంగ్లీషు ఒక్క హార్ట్‌కు అప్పగించిన పనులను తెలుగు రెండు మూడు చోట్లకు పంచిపెట్టింది. భయం, ధైర్యం, దుఃఖం గుండెవి: గుండె జారిపోతుంది, గుండె దిటవు చేసుకుంటాం, గుండె చెరువవుతుంది. ఇష్టాలూ నిర్ణయాలూ మనసువి. మారేది, విరిగేది, కలిసేది అదే. కన్నబిడ్డ మీద మమకారమైతే ఇంకా కిందికి, కడుపులోకి దిగుతుంది. కడుపుతీపి, కడుపుమంట రెండూ ఒకే చోట ఎలా ఉంటాయని మా అమ్మాయి ఆశ్చర్యపోయింది. నిజానికి అంతవరకూ నేనూ ఆలోచించలేదు. పాఠాన్ని వాళ్ళు హృదయంతో నేర్చుకుంటారు, 'బై హార్ట్' అంటారు. మనం కంఠస్థం చేస్తాం, అంటే గొంతులో నిలుపుకుంటాం. రెండు భాషలూ చక్కగా కలిసింది ధైర్యం దగ్గరే. 'కరేజ్' అనే మాటకు మూలం లాటిన్‌లో గుండెను చెప్పే 'కోర్', మనకూ ధైర్యవంతుడు గుండె గలవాడే. ఇంతా విన్నాక, 'గుండెలు తీసిన బంటు' అంటే మనసు దోచుకున్న ప్రియుడని మా పిల్ల సొంతంగా నిర్ధారించుకుంది. దాన్ని సరిదిద్దడానికి మరో సాయంత్రం ఖర్చయింది.

పొరపాటు పిల్లలదే అనుకోవడానికి వీల్లేదు. మరుసటి ఏడాది బడి నుంచి వచ్చిన ప్రగతి నివేదికలో, మా అమ్మాయి 'తన హృదయాన్ని చొక్కా చేతి మీద ధరిస్తుంది' అన్న అర్థం వచ్చే వాక్యాన్ని టీచరు రాశారు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన నాకు, పిల్ల నలుగురిలో ఏడుస్తోందన్న ఫిర్యాదులా అది వినిపించింది. వెతికితే, 1622లో తొలిసారి అచ్చయిన షేక్‌స్పియర్ 'ఒథెల్లో'లో ఆ మాట ఇయాగో నోట కనిపించింది: మనసులోది అలా బయటపెడితే కాకి జాతి పక్షులు పొడుచుకు తింటాయని ఆ కుటిలుడి భావం. నా అనుమానం బలపడింది. తీరా టీచరును కలిస్తే, ఈ పిల్ల ముఖం చూడగానే ఏం బాధో తెలిసిపోతుంది, అందువల్ల తనకు ఎంతో సులువుగా ఉందని ఆవిడ ఆప్యాయంగా చెప్పారు.

ఇంటికొచ్చి దానికి తెలుగు వెతికాను. 'నోట్లో నువ్వుగింజ నానదు' అనేది రహస్యం దాచలేనివాళ్ళను ఆడిపోసుకునే మాట కాబట్టి నప్పదు. 'కడుపులో ఏదీ దాచుకోదు' కొంత దగ్గరగా వస్తుంది. అయితే నాకు అడ్డుపడింది ఇంగ్లీషు కాదేమో. "నలుగురిలో ఆ కన్నీళ్ళేమిటి" అని విని పెరిగిన నాకు, ఉన్న బాధ ఉన్నట్టు ముఖంలో కనబడటం మెచ్చుకోదగిన గుణం కావచ్చన్న ఊహే రాలేదు.

ఎడబాటు ప్రేమను పెంచుతుందని ఒక ఇంగ్లీషు సామెత, కంటికి దూరమైతే మనసుకూ దూరమని మరొకటి. ఏది నిజమని పిల్ల అడిగింది. మా ఇంట్లో రెండూ నిజమే. తెనాలిలోని బావల పేర్లు తను తడబడుతూ చెబుతుంది, అమ్మమ్మ ఫోను రాని ఆదివారం మాత్రం తనకు అన్నం సయించదు. తొలిదానికి 'దూరపు కొండలు నునుపు' సరిపోతుందా అని కూడా అడిగింది. అది దూరాన్ని చూసి మోసపోవడం గురించి చెప్పేదని, అమ్మమ్మ సంగతి వేరని చెప్పాను.

నిరుడు సెలవులు ముగిసి గన్నవరం విమానాశ్రయానికి కారెక్కబోతుండగా, మమకారం ఉండేది కడుపులోనని గట్టిగా నేర్చుకున్న మా అమ్మాయి అమ్మమ్మ చేయి పట్టుకుని, "నాకు కడుపులో ఏదోలా ఉంది" అంది. అమ్మ గబగబా లోపలికి వెళ్ళి గుప్పెట్లో కాస్త వాము, ఉప్పు తెచ్చింది. పిల్ల నావంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా నోట్లో వేసుకుని నమిలింది.