వంద కిలోల రాయి కాలిస్తే సున్నం ఎంత?

పల్నాడులో పిడుగురాళ్ల పేరు చెప్పగానే గుర్తొచ్చేవి సున్నం బట్టీలు. అందుకే పిల్లలకి సమీకరణం చూసి బరువు కట్టే లెక్క చెప్పాల్సొస్తే నేను వేరే ఉదాహరణల జోలికి పోను, సున్నపురాయితోనే మొదలుపెడతా. కాల్షియం కార్బొనేట్‌ని గట్టిగా కాలిస్తే కాల్షియం ఆక్సైడ్, అంటే పొడిసున్నం మిగులుతుంది, కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది. సమీకరణం CaCO₃ → CaO + CO₂, తుల్యం చేసే పని కూడా లేదు, అన్నిటి ముందూ ఒకటే. చిక్కంతా అక్కడే, ఒకటికి ఒకటి కాబట్టి వంద కిలోల రాయికి వంద కిలోల సున్నం అని టక్కున చెప్పేస్తారు.

ముందుండే ఆ అంకెలు మోల్స్‌వి (డజను లాగా కణాల్ని లెక్కపెట్టే కొలత), కిలోలవి కావు. కొబ్బరికాయా ఒకటే, వక్కా ఒకటే, అలాగని తక్కెట్లో సమానంగా తూగుతాయా?

పరమాణు భారాలు చూస్తే కాల్షియం 40, కార్బన్ 12, ఆక్సిజన్ 16. రాయిలో ఆక్సిజన్లు మూడు కాబట్టి మొత్తం 100, పొడిసున్నం 56, గాలిలోకి పోయేది 44. ఈ రెండూ కలిపితే 100 రాకపోతే కూడిక ఒకసారి చూసుకోండి. ఇప్పుడు 250 కిలోల రాయి ఉందనుకుంటే, గ్రాముల్లోకి మార్చి అవస్థపడక్కర్లేదు, కిలోమోల్స్ (ఒక్కోటి వెయ్యి మోల్స్, రాయైతే 100 కిలోలు) అనుకుంటే సరి: 250ని 100తో భాగిస్తే 2.5, దాన్ని 56తో గుణిస్తే 140 కిలోలు. అంతే లెక్క.

పరీక్షలో అంతే, బట్టీ దగ్గర మాత్రం రాయి స్వచ్ఛంగా ఎక్కడుంటుంది! అందులో కార్బొనేట్ 90 శాతమే ఉంటే లెక్కలోకి వచ్చేది 225 కిలోలు, దానికి సున్నం 126 కిలోలు. మిగతా 25 కిలోల ఇసుకా మట్టీ కాలినా ఎక్కడికీ పోవనుకుంటే, బయటికి తీసి తూస్తే 151 కిలోలు చూపిస్తుంది! 140 కంటే ఎక్కువ వచ్చిందని సంబరపడితే మోసపోయినట్టే, ఎందుకంటే ఆ పెరిగిందంతా మట్టి. ఈ సంగతి నాకు పాఠ్యపుస్తకంలో ఉన్న పది లెక్కలకంటే ఎక్కువ నచ్చుతుంది.

ఆ సున్నం మీద నీళ్లు పోస్తే 56కి నీళ్ల భారం 18 చేరి 74 అవుతుంది, అదే తడిసున్నం. 126 కిలోలకి 40.5 కిలోల నీళ్లు చాలని సమీకరణం అంటుంది. పోసి చూడండి, అంత వేడికి బుసబుసా పొంగి కొన్ని నీళ్లు ఆవిరైపోతాయి, కాబట్టి ఇంకో బిందె దగ్గర పెట్టుకోండి, మొహం మాత్రం దూరంగా ఉంచండి.