రోహిణి కార్తెలో నిలిచేదే ఓవర్‌క్లాక్

చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు డెస్క్‌టాప్ ఓవర్‌క్లాక్ చేసేవాళ్లలో, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువ నడిపేవాళ్లలో, ఎక్కువమంది యూట్యూబ్‌లో చూసిన నంబర్లు అలాగే తెచ్చి బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) కొట్టేస్తారు. ఆ వీడియో ఏసీ గదిలో తీసింది. మన దగ్గర మే నెలలో బయట 45 దాటుతుంది, కరెంటు పోయి గది కూలర్ ఆగితే గదీ నలభైకి ఎక్కి కూర్చుంటుంది. హీట్‌సింక్ ఎంత పెద్దదైనా, నీళ్లతో నడిచే ఏఐఓ అయినా ప్రాసెసర్‌ని గది వేడి కంటే కిందికి దించలేదు. గది 20 డిగ్రీలు పెరిగితే చిప్పూ ఇంచుమించు అంతే పెరుగుతుంది. డిసెంబర్‌లో ఫుల్ లోడు మీద 72 దగ్గర ఆగిన ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 5600, రోహిణి కార్తెలో 92కి పోవాలి. దాని హద్దు 90. అక్కడికి రాగానే స్పీడు తనే తగ్గించుకుంటుంది. అంటే మీరు ఎక్కించిన మెగాహెర్ట్జ్ సరిగ్గా ఎండాకాలం సెలవుల్లోనే మాయం.

అందుకే ఈ ప్రాంతంలో వోల్టేజి పెంచి ఓవర్‌క్లాక్ చేయడం దండగ అంటాను. లెక్క చూడండి. చిప్పు తినే పవర్ వోల్టేజి వర్గాన్ని బట్టి, క్లాక్‌ని బట్టి పెరుగుతుంది. 4.4 గిగాహెర్ట్జ్‌ని 4.6 చేయడానికి 1.20 వోల్టుల నుంచి 1.30కి వెళ్లారనుకోండి. వోల్టేజి వల్ల 17 శాతం, క్లాక్ వల్ల నాలుగున్నర శాతం, కలిపితే దాదాపు 23 శాతం ఎక్కువ వేడి. దక్కిన స్పీడు నాలుగున్నర శాతమే. పైగా అన్ని కోర్లనూ ఒకే క్లాక్‌కి బిగిస్తే, ఒక్క కోరు మీద పని పడినప్పుడు అది సొంతంగా ఎగిరే బూస్ట్ కూడా పోతుంది.

వోల్టేజి తగ్గించడమే మనకు లాభం. రైజెన్ 5000 సిరీస్ నుంచి దానికి కర్వ్ ఆప్టిమైజర్ అనే బయాస్ సెట్టింగ్ ఉంది. మదర్‌బోర్డు చిప్‌సెట్ బీ450, బీ550, ఎక్స్570లో ఏదైనా సరే. ఏ320, ఏ520 మీద ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ లేదు, కొనేముందే చూసుకోండి. ఇంటెల్‌లో అయితే పేరు చివర కే ఉన్న చిప్పు, జెడ్ చిప్‌సెట్ బోర్డు కావాలి. 13, 14 తరాల ఇంటెల్ చిప్పులున్నవాళ్లు ముందు బయాస్ అప్‌డేట్ చేయాలి. ఎక్కువ వోల్టేజితో చిప్పు అరిగిపోయే లోపానికి 2024 ఆగస్టు నుంచి మైక్రోకోడ్ సవరణలు వచ్చాయి.

ప్రాసెసర్ జోలికి పోకముందు ర్యామ్ చూడండి. 3600 కిట్టు కొని ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడుకి తెచ్చే బయాస్ స్విచ్చి) ఆన్ చేయక 2133లోనో 2400లోనో నడుపుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ ఒక్క స్విచ్చితో వచ్చేంత లాభం మిగతా కష్టమంతా పడ్డా రాదు. డీడీఆర్4 3600 అసలు క్లాక్ 1800, కాబట్టి ఫ్యాబ్రిక్ క్లాక్ (ప్రాసెసర్ లోపలి భాగాల్ని కలిపే లింకు వేగం) కూడా 1800 ఉండాలి, ఒకటికి ఒకటి.

ఇక అసలు పని. బయాస్‌లో ఏఎండీ ఓవర్‌క్లాకింగ్, అందులో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్, అందులో అడ్వాన్స్‌డ్. పవర్ లిమిట్లను మదర్‌బోర్డుకి వదిలేస్తే 5600 వంద వాట్లు దాటి లాగగలదు. దాని ఫ్యాక్టరీ పీపీటీ, అంటే అది లాగగల పవర్ హద్దు, 76 వాట్లు. మాన్యువల్‌లో పెట్టి ఆ 76నే ఉంచండి. కర్వ్ ఆప్టిమైజర్‌లో 'పర్ కోర్' ఎంచుకుని, సైన్ నెగెటివ్ పెట్టండి. ఒక్కో అంకెకి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతుంది, మైనస్ 30 వరకు వెళ్లొచ్చు. అన్నిటికీ మైనస్ 30 కొట్టేయడం అందరూ చేసే తప్పు. మంచి కోర్లు ముందే తక్కువ వోల్టేజితో నడుస్తుంటాయి, వాటికి తగ్గించే జాగా తక్కువ. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ఏ కోరు మంచిదో ఆ వరస కనిపిస్తుంది. మొదటి రెండింటికి మైనస్ 10, మిగతా వాటికి మైనస్ 20తో మొదలుపెట్టండి.

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. సినీబెంచ్ (ప్రాసెసర్ వేగం కొలిచే ప్రోగ్రామ్) పది నిమిషాలు తిరిగింది కదా అని వదిలేస్తారు. ఫుల్ లోడులో క్లాక్ తక్కువ ఉంటుంది కాబట్టి వోల్టేజి సరిపోతుంది. ఒక్క కోరు మాత్రమే పైకి ఎగిరినప్పుడు చాలదు. అందుకే ఇలాంటి సెట్టింగ్‌తో పీసీ గేమ్ మధ్యలో కంటే, బ్రౌజర్ తెరిచి ఊరికే వదిలేసినప్పుడే ఎక్కువగా రీస్టార్ట్ అవుతుంది. దీన్ని పట్టేది కోర్‌సైక్లర్ అనే ప్రోగ్రామ్. ప్రైమ్95 అనే లోడు టెస్టుని ఒక్కో కోరు మీద ఆరేసి నిమిషాలు తిప్పుతుంది. ఎస్ఎస్ఈ మోడ్‌లోనే ఉంచండి, క్లాక్ ఎక్కువ ఎగిరేది అందులోనే. రాత్రంతా నడవనివ్వాలి. తప్పు వచ్చిన కోరుకి మూడు అంకెలు వెనక్కి తగ్గి (మైనస్ 20 ఉంటే మైనస్ 17కి) మళ్లీ తిప్పండి. టెస్టు నడవనప్పుడు పడిపోతే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్ 18 (WHEA-Logger, హార్డ్‌వేర్ తప్పు నమోదు) కోసం వెతకండి. అందులో ఏపీఐసీ ఐడీ, అంటే తప్పు వచ్చిన థ్రెడ్ నంబరు, ఉంటుంది. 5600లో థ్రెడ్లు 0 నుంచి 11 వరకు, కోరుకి రెండేసి. కోర్లనూ 0 నుంచే లెక్కిస్తే, ఐడీ 7 అంటే చాలావరకు కోర్ 3.

ఇంకో దొంగ లక్షణం: మిషన్ పడదు, క్లాక్ 4.6 చూపిస్తుంది, సినీబెంచ్ స్కోరు మాత్రం మునుపటికంటే తక్కువ. వోల్టేజి చాలక చిప్పు క్లాక్‌ని సాగదీసుకుంటోందన్నమాట. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో మామూలు క్లాక్ కాదు, 'ఎఫెక్టివ్ క్లాక్' వరస చూడండి. రెండింటికీ తేడా బాగా ఉంటే అంకెలు వెనక్కి తీయాల్సిందే.

ఈ టెస్టులన్నీ మధ్యాహ్నం రెండు గంటలకి, గది కూలర్ ఆపి, ఓసారి మళ్లీ చేయండి. 85 దాటితే పీపీటీని ఐదేసి వాట్లు తగ్గించుకుంటూ రండి. 65 వాట్ల దగ్గర కూడా గేముల్లో తేడా పట్టుకోవడం కష్టం. డబ్బాతో వచ్చే వ్రెయిత్ స్టెల్త్ మన ఎండకి ఆనదు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ వేయండి. ఏఎం4 మీద పాత హీట్‌సింక్ తీసేముందు పది నిమిషాలు లోడు పెట్టి వేడి చేసి, ఆపాక, అటూ ఇటూ తిప్పుతూ లేపండి. ఊరికే పైకి లాగితే ఎండిన పేస్టుకి అంటుకుని ప్రాసెసర్ సాకెట్లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి.

ఎయిర్ కూలర్ గాలి మే నెలలో పీసీకి బాగానే పనికొస్తుంది, తుంపర పడకుండా నాలుగైదు అడుగుల దూరంలో ఉంచితే. మిరుగం మొదలయ్యాక అది చల్లబరచదు, తేమ ఎక్కిస్తుంది. సాస్తి, ఘుగ్గుస్ గనుల దగ్గర బొగ్గు పొడి, గడ్‌చందూర్ వైపు సిమెంటు దుమ్ము. ఈ పొడికి తేమ తోడైతే ఫిన్నుల మధ్య గట్టిగా పేరుకుంటుంది. క్యాబినెట్‌కి ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి, ముందువాటికి జాలీ తప్పనిసరి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి.

సాయంత్రం ఓల్టేజి దిగే ఊళ్లలో ప్రతి రీస్టార్ట్‌నీ ఓవర్‌క్లాక్ మీద వేయకండి. సీలింగ్ ఫ్యాన్ నెమ్మదించిన క్షణంలోనే పీసీ పడితే, సెట్టింగ్‌లన్నీ తీసేసి రెండు రోజులు చూడండి. అప్పుడూ పడితే తప్పు లైనుది, లేదా ఎస్ఎంపీఎస్‌ది (పీసీ పవర్ సప్లయ్).

బయాస్ అప్‌డేట్ చేస్తే సేవ్ చేసుకున్న ప్రొఫైళ్లు చెరిగిపోవచ్చు. కోరు వారీ అంకెలు, ఎండాకాలం పీపీటీ, చలికాలం పీపీటీ ఒక చీటీ మీద రాసి క్యాబినెట్ సైడ్ ప్యానెల్ లోపల అంటించండి. డిస్‌ప్లే రాకుండా పోతే ప్లగ్ పీకి, సీఆర్2032 బ్యాటరీ తీసి ఐదు నిమిషాలు ఆగి పెట్టండి. తర్వాత ఆ చీటీ చూసి మళ్లీ ఎక్కించుకోవడమే.