మొలకల డబ్బాలో పుల్లటి వాసన ఎందుకొస్తుంది

పెసలు నానబోసి, నీళ్లు వంపేసి, మూత బిగించి పెట్టిన డబ్బా మర్నాడు తీస్తే పుల్లటి వాసన, వేళ్లకు జిగురు. బెంగళూరు పీజీ గదుల్లో మొలకలు కట్టుకునే మనవాళ్లు గింజలు పాతవనో, బోరు నీళ్లు మంచివి కావనో అనుకుంటారు. చాలాసార్లు తప్పు మూతది. గింజలకు ఊపిరాడలేదు.

ఎండు పెసరగింజలో తేమ నూటికి 10 పాళ్ల దరిదాపు. ఆ స్థితిలో శ్వాసక్రియ ఉందా లేదా అన్నంత మందంగా ఉంటుంది, అందుకే నెలల తరబడి నిలవ ఉంటాయి. నీళ్లు తగలగానే ఆక్సిజన్ వాడకం చరచరా పెరుగుతుంది. (తొలి నిమిషాల్లో పైకొచ్చే బుడగలు ఊపిరి కాదు. గింజ సందుల్లో ఇరుక్కున్న గాలిని నీరు నెట్టేస్తోంది, అంతే.) కొత్త సరంజామా కట్టుకునేదాకా గింజ ఆగదు. ఎండబెట్టినప్పుడు లోపల మిగిలిన మైటోకాండ్రియాలు (కణానికి శక్తి తయారుచేసేవి), ఎంజైములే తడి తగిలి పనిలోకి దిగుతాయి. ముందుగా ఖర్చయ్యేవి సుక్రోజు, రాఫినోజు, స్టాకియోజు అనే చక్కెరలు. చివరి రెండూ మనకు అరగక పేగుల్లో గ్యాస్ పుట్టించేవే. ఇక్కడి కన్నడిగులు ఉలవలను మొలకెత్తించి వండే మొళకె హురుళికాళు సారు పొట్టకు తేలిగ్గా ఉండటంలో ఈ చక్కెరలు ఖర్చయిపోవడానికి పాత్ర ఉంది.

ఆ తర్వాత ఒక నిలకడ. గింజ తాగగలిగినంత నీరు తాగేసింది, వేరు ఇంకా బయటికి రాలేదు. శ్వాసక్రియ పెరగకుండా ఒకే మట్టాన సాగుతుంది. పెసల్లో ఈ దశ చిన్నది, బఠానీలో స్పష్టంగా కనిపిస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే. తడిసిన పొట్టు ఆక్సిజన్‌ను సరిగా లోపలికి పోనివ్వదు. లోపలి కణాలు కొంత పనిని ఆక్సిజన్ లేకుండానే నెట్టుకొస్తాయి, ఇథనాల్ (సారాలో ఉండే ఆల్కహాలే) పేరుకుంటుంది. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చిన ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే శ్వాసక్రియా కోషంట్ పిండిపదార్థాలకు 1 ఉండాలి. ఈ దశలో బఠానీలో అది 1ని దాటి బాగా పైకి పోతుంది. వేరుశనగలో నూనె కాలేటప్పుడు మాత్రం 0.7 వైపు దిగుతుంది. పప్పుజాతి గింజలన్నిటికీ ఒకే అంకె రాసే విద్యార్థులు తప్పేది ఇక్కడే.

వేరు పొట్టును చీల్చుకుని రాగానే గాలి దారి తెరుచుకుంటుంది. శ్వాసక్రియ రెండోసారి ఎగబాకుతుంది, పేరుకున్న ఇథనాల్ కూడా ఖర్చయిపోతుంది. వేరు, మొలక పెరిగినకొద్దీ అక్కడ వాడకం పెరుగుతూనే ఉంటుంది. పప్పు బద్దల్లో మాత్రం నిల్వలు తరిగేకొద్దీ తగ్గిపోతుంది.

ఇప్పుడు మూత లెక్క చూద్దాం. 180 గ్రాముల గ్లూకోజు కాలాలంటే 192 గ్రాముల ఆక్సిజన్ కావాలి. లీటరు సీసా ఖాళీగా ఉన్నా అందులోని ఆక్సిజన్ పావు గ్రాము గ్లూకోజుకు మించి చాలదు. పైగా సగం సీసా గింజలే. నీళ్లలో ఇంకా కష్టం. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో కరిగే ఆక్సిజన్ 8 మిల్లీగ్రాములు, లీటరు గాలిలో ఉండేది 250 పైమాటే. అందుకే 'ఇంకాసేపు నానితే మంచిదే' అన్న మాట నమ్మొద్దు. వేడి సంగతీ ఉంది. గ్రాము గ్లూకోజు పూర్తిగా కాలితే దాదాపు 15.6 కిలోజౌళ్లు. ఆ వేడి బయటికి పోకపోతే అరకిలో మొలకల కుప్ప ఏడెనిమిది డిగ్రీలు వేడెక్కగలదు. మూట నడుమ వేలు పెడితే వెచ్చగా తగిలేది ఇదే. ఆ వెచ్చదనం, తడి, గాలిలేమి మూడూ కలిస్తే పులియబెట్టే బాక్టీరియాకు పండగ.

100 గ్రాముల పెసలకు 400 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, బెంగళూరు ఎండాకాలంలో 6 గంటలు, జనవరి చలిలో 8 నుంచి 10 గంటలు నానబెట్టండి. శనగలకు 12 గంటలు, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. ఫ్రిజ్‌లో నానబెట్టొద్దు, చన్నీటికి కొన్ని గింజల పొరలు దెబ్బతింటాయి. వార్చాక చిల్లుల గిన్నెలో రెండు అంగుళాలు మించకుండా పరిచి తడిగుడ్డ కప్పండి. ఎనిమిది గంటలకోసారి కడిగితే తడితో పాటు వేడీ పోతుంది. మొలక అర అంగుళం వచ్చాక ఫ్రిజ్‌లో పెడితే శ్వాసక్రియ నెమ్మదిస్తుంది. చెన్నైలో మే నెలలో ఇవే గంటలు పాటిస్తే పాడవుతాయి. అక్కడ 5 గంటలు నానితే చాలు, కడగడం మాత్రం పెంచాలి. తినేముందు ఆవిరి పట్టడం మేలు.

శ్వాసక్రియ పెరగడాన్ని కళ్లారా చూడాలంటే తాంబూలం సున్నం చాలు. కార్బన్ డయాక్సైడ్ తగిలితే సున్నపు తేట తెల్లబడుతుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచాడు సున్నం కలిపి, మూతపెట్టి, రాత్రంతా తేరనిచ్చి పైతేట తీసుకోండి. అర లీటరు గాజు సీసాలో 100 గింజలు, పక్కన చిన్న గాజు గ్లాసులో 20 మిల్లీలీటర్ల తేట పెట్టి మూత బిగించి, తెల్ల పొర ఎంతసేపటికి కడుతుందో రాసుకోండి. ఇలా ఆరు సీసాలు పెట్టాలి: ఎండు గింజలు, నానినవి, వేరు అప్పుడే తొంగిచూసినవి, రెండు రోజులవి, ఉడికించి చల్లార్చినవి, గింజల్లేని ఖాళీ సీసా. గింజలను లెక్కపెట్టి తీసుకోవాలి, తూచి కాదు. నానిన 100 గ్రాముల్లో గింజలు సగమే, మిగతాది నీరు. సీసాలు చీకట్లో ఉంచాలి. వెలుతురులో పచ్చబడ్డ మొలక తాను వదిలినదాన్ని కొంత తానే వాడేసుకుని లెక్క చెడగొడుతుంది. రాత్రంతా వదిలేయకండి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే కట్టిన తెల్లదనం కొంత మళ్లీ కరిగిపోతుంది. ఒకవేళ వదిలేసిన ఉడికించిన గింజల సీసా మర్నాటికి తెల్లబడితే కంగారొద్దు, ఊపిరి పీల్చేది వాటిమీద పెరిగిన సూక్ష్మజీవులు.