సంతకానికి ముందు రెండు గంటలు

మొన్న మార్చిలో మా ఫ్రిజ్ మీద ఒక ఖాకీ కవరు పదిహేను రోజులు అలాగే ఉండిపోయింది. అందులో జీపీఏ కాగితాలు (నా తరఫున కేసు నడిపే అధికారం ఇచ్చే పత్రాలు), దావా డ్రాఫ్టు ఉన్నాయి. నేను సంతకాలు పెట్టి, ఇక్కడ నోటరీ చేయించి తెనాలికి పంపితే లాయరుగారు మా తమ్ముడి మీద పార్టిషన్ సూట్, అంటే ఆస్తి పంపకం దావా, వేస్తారు. నాన్న పోయాక ఎకరం ఇరవై సెంట్ల పొలం పాసుపుస్తకాన్ని వాడు తన ఒక్కడి పేరు మీదకి మార్పించుకున్నాడు. ఆ సంగతి మా పిన్ని కూతురు చెప్తే తెలిసింది. అప్పటినుంచి మూడేళ్లుగా మా మధ్య మాటల్లేవు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత కూతురికీ సమాన వాటా ఉంది, చట్టం నా వైపే ఉంది. అయినా ఆ కవరు విప్పి పెన్ను తీయబోతే చెయ్యి ఆడడం లేదు.

నేను ఉండేది న్యూజెర్సీలో, ఫిలడెల్ఫియాకి దగ్గర్లో. మా ఊళ్లో ఒక క్వేకర్ మీటింగ్ హౌస్ ఉంది. క్వేకర్లంటే ఒక క్రైస్తవ శాఖ, వాళ్ల ప్రార్థననీ, ప్రార్థనకి కూడే సమాజాన్నీ కూడా మీటింగ్ అనే అంటారు. ఆరేళ్లుగా ఆదివారం పొద్దున అక్కడికి వెళ్తున్నాను. నేను మతం మారలేదు, రోజూ దీపం పెట్టుకునే బయల్దేరతాను. వాళ్లు మారమని ఎప్పుడూ అడగలేదు కూడా. మా మీటింగులో శిలువ ఉండదు, పటం ఉండదు, పాస్టర్ ఉండరు. పాత చెక్క బెంచీల మీద గంటసేపు అందరం మౌనంగా కూర్చుంటాం. ఎవరికైనా చెప్పి తీరాలన్నంత గట్టిగా లోపల మాట పుడితే లేచి చెప్తారు. కొన్ని వారాలు ఒక్కరూ లేవరు. చివర్లో పక్కవాళ్లతో చేతులు కలుపుతాం, అంతే.

ప్రతి మనిషిలోనూ దేవుడి అంశ ఉందని 17వ శతాబ్దంలో ఇంగ్లండులో క్వేకర్ల మూలపురుషుడు జార్జ్ ఫాక్స్ చెప్పిన మాట మీదే ఇదంతా నిలబడింది. ఆ మాటకి కట్టుబడి తొలి క్వేకర్లు ఎంత పెద్దవాళ్ల ముందైనా టోపీ తీసేవాళ్లు కాదు. ధనికుడినీ కూలివాడినీ ఒకేలా ‘నువ్వు’ అనేవాళ్లు. ఇలాంటివాటికి జైళ్లకీ వెళ్లారు. మా మీటింగులో ఎనభై దాటిన ఒకావిడ తనని పేరు పెట్టి పిలవమంటే నాకు ఏడాది పట్టింది. మన నోటికి ‘అండీ’ లేకుండా పెద్దవాళ్ల పేరు రాదు కదా!

నా మొహం చూసి ఏమైందని అడిగింది కూడా ఆవిడే. మొత్తం చెప్పాను. ఆవిడ తప్పనలేదు, ఒప్పనలేదు. “నీకోసం క్లియర్‌నెస్ కమిటీ పెట్టమంటావా?” అంది.

ఇది వాళ్లలో చాలా పాత పద్ధతి. ఇద్దరు పెళ్లి చేసుకుంటామంటే, వాళ్లు ఇంతకుముందు వేరెవరికీ మాట ఇవ్వలేదు కదా, ఏ అడ్డూ లేదు కదా అని చూడడానికి మీటింగు కొందరిని పంపేది. అక్కడినుంచి వచ్చిన పేరు అది. తర్వాత సభ్యత్వానికీ అదే పద్ధతి, ఇప్పుడు ఎవరికి ఏ చిక్కు నిర్ణయం ఎదురైనా అదే. నలుగురైదుగురు కూర్చుంటారు, ప్రశ్నలు మాత్రమే అడుగుతారు. సలహా ఇవ్వకూడదు, “నాకూ ఇలాగే జరిగింది” అనకూడదు. అక్కడ విన్నది బయట ఎవరికీ చెప్పకూడదు, తర్వాత నాతో కూడా వాళ్లంతట వాళ్లు ఆ ప్రస్తావన తేకూడదు. సలహాల మధ్య పుట్టి పెరిగిన నాకు ఇది ముందు అర్థం కాలేదు. ఏం చెయ్యాలో చెప్పకపోతే ఇంకెందుకు అనుకున్నాను.

ముందుగా రెండు పేజీల్లో సమస్య రాసి ఇవ్వమన్నారు. నాలుగు రాత్రులు పట్టింది. మొదటిసారి రాసినదంతా తమ్ముడి మీద చార్జిషీటులా ఉంది. చించేశాను. బ్రిటన్ క్వేకర్లు దగ్గర పెట్టుకునే 42 సూచనల, ప్రశ్నల చిన్న పుస్తకం ఒకటుంది. అందులో 17వ దాంట్లో ఒక వాక్యం, నువ్వు పొరబడి ఉండే అవకాశం ఉందేమో ఆలోచించు అని. అది కాగితం పైన రాసుకుని మళ్లీ మొదలుపెట్టాను.

ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం ఆవిడ ఇంట్లోనే కూర్చున్నాం. ఆవిడతో కలిపి నలుగురు, నేను. అందులో ఒకాయన చేతిలో పెన్సిలు, పుస్తకం. ప్రశ్నలూ నా జవాబులూ రాసి, చివర్లో ఆ కాగితాలు నాకే ఇచ్చేస్తారట. పది నిమిషాలు మౌనం. తర్వాత ఎవరో మెల్లగా అడిగారు.

“ఆ పొలం అనగానే మీకు ముందు ఏం కనిపిస్తుంది?”

ధర కనిపిస్తుందనుకున్నాను. కానీ గట్టు కనిపించింది. వరి కోసేశాక అదే మడిలో పెరిగిన మినుము చేను, నాన్న సైకిలు, ముందు బార్ మీద తమ్ముడు, వెనక క్యారేజీ ఒళ్లో పెట్టుకుని నేను. చెప్తుంటే ఎవరూ తలలు ఊపలేదు, అయ్యో అనలేదు. నేను ఆగాక కూడా చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ఖాళీలో ఇంకేదో గుర్తొచ్చి మళ్లీ చెప్పాను.

ఒకావిడ “లాయరు దగ్గరికి వెళ్లేముందు తమ్ముడితో మాట్లాడితే బాగుంటుందని అనిపించలేదా?” అంది. పెద్దావిడ వెంటనే, కానీ మెత్తగా, “అది సలహా. వదిలేద్దాం” అంది. అడిగినావిడ సారీ చెప్పి ఊరుకుంది. అప్పుడు నాకు ఆ గదిలో ధైర్యం వచ్చింది. ఇక్కడ నన్ను ఎటూ నెట్టరని నమ్మకం కుదిరింది.

గంట దాటాక పెన్సిలాయన రాయడం ఆపి అడిగాడు. “మీరు సంతకం పెట్టాల్సిన కాగితంలో ఉన్న ప్రతి మాటా నిజమేనా?”

ఒక వాక్యం ఉంది. ఆ భూమి ఆదాయంలోంచి నాకు ఏనాడూ పైసా ముట్టలేదు అని. అది చదివినప్పుడే మనసుకి గుచ్చుకుంది. లాయరుగారిని అడిగితే “అలాగే రాస్తారమ్మా, మామూలే” అన్నారు. మా పాప పుట్టినప్పుడు మినుములు అమ్మిన డబ్బుతో తమ్ముడు దానికి గాజులు చేయించి పంపాడు. అవి ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి.

నాకు 18వ శతాబ్దపు క్వేకర్ జాన్ వుల్మన్ గుర్తొచ్చాడు. ఆయన ఊరు మౌంట్ హోలీ మాకు దూరం కాదు. ఇరవై దాటిన వయసులో అక్కడ ఒక కొట్లో గుమస్తాగా ఉండేవాడు. ఒక నీగ్రో బానిస స్త్రీని అమ్ముతూ పత్రం రాయమని యజమాని చెప్పాడు. కొన్నవాడు కూడా క్వేకరే. వుల్మన్ రాశాడు, కానీ ఇది తప్పని నాకు అనిపిస్తోందని ఇద్దరికీ అక్కడే చెప్పాడు. ఆ తర్వాత మళ్లీ అలాంటి పత్రం రాయనన్నాడు. బానిసలున్న క్వేకర్ల ఇళ్లకి వెళ్లి, వాళ్లని తిట్టకుండా, కూర్చుని మాట్లాడుతూ తిరిగాడు. ఆ ఇళ్లలో తనకి సేవ చేసిన బానిసలకి డబ్బులు ఇచ్చేవాడు. 1772లో చనిపోయాడు. నాలుగేళ్లకి, 1776లో, బానిసలని ఉంచుకున్నవారు మాలో ఉండకూడదని ఫిలడెల్ఫియా క్వేకర్లు తీర్మానించారు. నా పొలం గొడవకీ అంత పెద్ద పాపానికీ పోలిక లేదని నాకు తెలుసు. కానీ కాగితం మీద చెయ్యి ఆగడం అంటే ఏమిటో ఆయన వల్లే నాకు తెలిసింది. క్వేకర్లు కోర్టులో ప్రమాణం చెయ్యకపోవడానికి కారణం కూడా అదే. ప్రమాణం చేసిన రోజే నిజం చెప్తామంటే మిగతా రోజుల సంగతి ఏమిటని వాళ్ల ప్రశ్న.

“నిజం కాదు” అన్నాను. అందరూ అలాగే ఉన్నారు.

తర్వాత పెద్దావిడ అడిగింది. “కేసు గెలిచిన రోజు సాయంత్రం ముందు ఎవరికి ఫోన్ చేస్తావు?”

పదో తరగతి మార్కులు, ఉద్యోగం, వీసా, పాప పుట్టడం, ఏది జరిగినా నేను ముందు చెప్పింది వాడికే. ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. చెప్పకుండా ఉండే హక్కు ఉంది, ఎవరూ రెట్టించలేదు.

చివరి పదిహేను నిమిషాల్లో, మేం గమనించింది చెప్పమంటారా అని అడిగారు. చెప్పమన్నాను. “పొలం వాటా గురించి మాట్లాడినప్పుడు మీ గొంతు మామూలుగానే ఉంది. ‘నాకు చెప్పలేదు’ అన్న మాట మాత్రం ఏడుసార్లు అన్నారు” అన్నాడు పెన్సిలాయన. పుస్తకంలో గీతలు పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి అదే రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున ఆరు. మూడు రింగులకే ఎత్తాడు.

“ఏరా, వాటా నాకూ కావాలి, అది వదులుకోను. కానీ పాసుపుస్తకం మార్పించుకునేముందు నాకెందుకు చెప్పలేదురా?”

అటువైపు మాట లేదు. వెనక గేదె అరుపు, పాలక్యాను మూత చప్పుడు. ఇదివరకైతే ఆ ఖాళీని నా మాటలతో నింపేసేదాన్ని. ఈసారి ఫోను చెవికి ఆనించుకుని ఊరుకున్నాను.

“బ్యాంకులో లోను కావాల్సొచ్చిందక్కా” అన్నాడు చాలాసేపటికి. “నిన్ను అడిగితే వద్దంటావేమోనని భయమేసింది. ఆ తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు.”

దావా డ్రాఫ్టులో ఆ వాక్యం ఉన్న పేజీ చించేశాను. మిగతా కాగితాలు కవర్లోనే ఉన్నాయి. లోను ఇంకా తీరలేదు, వాటా ఇంకా తేలలేదు. ఈ మధ్య ప్రతి ఆదివారం మాట్లాడుకుంటున్నాం, రెండుసార్లు గట్టిగానే అరుచుకున్నాం కూడా. సంక్రాంతికి రా, సర్వేయర్ని పిలిపించి నీ ముందే హద్దురాళ్లు వేయిస్తాను అన్నాడు. జనవరి 9కి టికెట్లు తీసుకున్నాను. పాప గాజులు కూడా సూట్‌కేసులో పెట్టాను.